మత్తు, చట్టం, చదువు: చిలమకూరు విద్యార్థుల ప్రశ్నలకు జవాబులు

చిలమకూరు పిల్లలు పది దాటినాక పై చదువులకు ఎర్రగుంట్లకో ప్రొద్దుటూరుకో, జమ్మలమడుగుకో పులివెందులకో పోతారు. కొందరు రోజూ బస్సెక్కుతారు, కొందరు రూము తీసుకుని ఉంటారు. ఇంటికి దూరంగా ఉండే ఆ వయసులోనే గంజాయి ప్యాకెట్టో నిద్రమాత్రల షీటో చేతికందే ప్రమాదం ఎక్కువ. అలవాటు పడినవాళ్లు పరువుకూ పోలీసు కేసుకూ భయపడి వైద్యానికి పోకుండా ఆగిపోతున్నారు. సరుకు అమ్ముకునేవాణ్ణి, మత్తు నుంచి బయటపడాలనుకునేవాణ్ణి చట్టం ఒకే కంటితో చూడదు. ఈ సంగతి ప్రతి విద్యార్థికీ, ప్రతి ఇంటికీ తెలియాలి.

గంజాయి ఒక్కసారి తాగి చూసినా నేరమేనా?

నేరమే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 27వ సెక్షన్ ప్రకారం గంజాయి తాగినందుకు ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. దగ్గర పెట్టుకుంటే శిక్ష బరువును బట్టి ఉంటుంది. కిలో వరకు ‘చిన్న పరిమాణం’; దీనికి ఏడాది వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. అంతకు మించితే పదేళ్ల వరకు జైలు. 20 కిలోలు దాటితే ‘పెద్ద పరిమాణం’; దీనికి కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు.

“ఈ బ్యాగు కాస్త ప్రొద్దుటూరులో ఇచ్చిరా అన్నా” అంటే తీసుకుపోయాను. లోపల ఏముందో నాకు తెలియదు. నాకేమవుతుంది?

సరుకు నీ దగ్గర దొరికితే, అది నీకు తెలిసే ఉందని కోర్టు మొదట అనుకుంటుంది. తెలియదని రుజువు చేసుకోవాల్సిన భారం నీ మీదే పడుతుంది. పెద్ద పరిమాణమైతే బెయిలు దొరకడం కూడా కష్టం. అందుకే లోపలేముందో చూడని బ్యాగు, ఎంత దగ్గరి స్నేహితుడిచ్చినా, పట్టుకోవద్దు. రూముకూ ఇదే జాగ్రత్త కావాలి. నీ రూములో మత్తు వ్యవహారం నడుస్తోందని తెలిసీ ఒప్పుకుంటే 25వ సెక్షన్ కింద నువ్వూ నిందితుడివే.

నాకింకా పద్దెనిమిది నిండలేదు. పట్టుబడితే జైల్లో పెడతారా?

పెట్టరు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాళ్లను లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదు. తల్లిదండ్రులకు కబురు చెప్పాలి, 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. పేరు, ఫొటో, చదివే కాలేజీ పత్రికల్లో రాకూడదు. పదహారు దాటినవాళ్లు పెద్ద పరిమాణంతో దొరికితే మాత్రం పెద్దవాళ్లలా విచారించాలా వద్దా అని బోర్డు పరిశీలించవచ్చు. పిల్లలతో మత్తు సరుకు మోయించిన, అమ్మించిన పెద్దలకు ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా.

పోలీసులు ఒళ్లంతా సోదా చేస్తామంటే?

గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ముందు సోదా చేయమని అడిగే హక్కు నీకుంది. ఆ హక్కు ఉందని వాళ్లే ముందుగా నీకు చెప్పాలి. ఇది ఒంటి మీద సోదాకే, బ్యాగుకు వర్తించదు. ఆడపిల్లను మహిళలే సోదా చేయాలి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది. దానికి నంబరు 15100.

అలవాటు మానలేకపోతున్నాను. ఆసుపత్రికి పోతే కేసు పెడతారా?

అందరూ మనసులో పెట్టుకుని అడగలేని ప్రశ్న ఇదే. వైద్యానికి పోవడం నేరం కాదు. నువ్వు చెప్పిన విషయం గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వైద్యుల మీద ఉంది. మైనరైతే చికిత్సలో తల్లిదండ్రులో సంరక్షకులో తోడుంటారు. అప్పటికే కేసు పడి ఉన్నా దారి మూసుకుపోలేదు. మత్తు తీసుకున్నందుకో, చిన్న పరిమాణంతో దొరికినందుకో కేసు ఎదుర్కొంటున్న మత్తు బానిసలు, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపున్న ఆసుపత్రిలో తమంతట తాము చికిత్సకు చేరితే మాదకద్రవ్యాల చట్టం 64ఏ సెక్షన్ వాళ్లను విచారణ నుంచి కాపాడుతుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మకం, పెద్ద పరిమాణం కేసులకు ఇది వర్తించదు. మన జిల్లాలో మొదట అడగాల్సిన చోటు కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (రిమ్స్) మానసిక వైద్య విభాగం.

డీఅడిక్షన్ సెంటర్లలో కట్టేసి కొడతారంట, నిజమేనా?

అలా చేయడం చట్టవిరుద్ధం. గొలుసులతో కట్టడాన్ని, బలవంతంగా గుండు గీయడాన్ని 2017 చట్టం నిషేధించింది. చేర్పించే ముందు ఆ కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో, డాక్టరు రోజూ వస్తాడో లేదో అడగండి. రిజిస్ట్రేషన్ పత్రం చూపించనంటే అక్కడ చేర్చవద్దు.

సిగరెట్లు, వేప్, మద్యం, మాత్రల సంగతేంటి?

పద్దెనిమిది నిండనివాళ్లకు, విద్యాసంస్థకు 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదు. వేప్‌ల అమ్మకం 2019 నుంచి దేశమంతా నిషేధం. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మరాదు. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర 2018 నుంచి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వచ్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మే షాపు మీద ఫిర్యాదు చేయవచ్చు.

స్నేహితుడు మత్తులో స్పృహ తప్పి పడిపోతే?

వెంటనే 108కి ఫోన్ చెయ్యి. పక్కకు తిప్పి పడుకోబెట్టు, ఒంటరిగా వదలొద్దు. నోట్లో నీళ్లు, మజ్జిగ పోయొద్దు. ఏం తీసుకున్నాడో డాక్టరుకు దాచకుండా చెప్పు. కేసు భయంతో పోగొట్టుకున్న గంట తిరిగి రాదు.

అమ్మేవాళ్ల గురించి చెబితే నా పేరు బయటపడుతుందా?

సమాచారం ఎవరిచ్చారో చెప్పమని అధికారిని ఎవరూ బలవంతపెట్టలేరని మాదకద్రవ్యాల చట్టం 68వ సెక్షన్ చెబుతోంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన మత్తు నిరోధక విభాగం ‘ఈగల్’ నంబరు 1972.

మా పిల్లోడి తీరు మారింది. ఏం చేయాలి?

నిద్ర, తిండి, డబ్బు ఖర్చు, స్నేహితులు ఒక్కసారిగా మారితే అది మత్తే కానక్కర్లేదు. పరీక్షల ఒత్తిడి, దిగులు, వేధింపు కూడా కావచ్చు. కొట్టొద్దు, నలుగురిలో నిలదీయొద్దు, చదువు మాన్పిస్తామని బెదిరించొద్దు. దగ్గర కూర్చోబెట్టుకుని అడగండి, చెప్పేది చివరిదాకా వినండి. తర్వాత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. మత్తు మాన్పించేందుకు జాతీయ నంబరు 14446, పిల్లల రక్షణకు 1098.

ఈ నంబర్లను కాలేజీ నోటీసు బోర్డు మీద, హాస్టల్ గోడ మీద, గ్రామ సచివాలయంలో అందరికీ కనబడేలా రాయించాలి. ఏ పిల్లోడైనా పోలీసు స్టేషను కంటే ముందు ఆసుపత్రి గడప తొక్కేలా చూసే బాధ్యత అధ్యాపకులదీ, తల్లిదండ్రులదీ, ఊరి పెద్దలదీ కూడా.