ఇంటనే చేసుకొనదగిన అయస్కాంత క్షేత్ర మాపకము

విద్యుత్తు ప్రవహించుచున్న పలుచని బంగారు రేకును అయస్కాంత క్షేత్రమున నుంచిన, దాని పక్క అంచుల నడుమ స్వల్ప వోల్టేజి పుట్టునని 1879లో ఎడ్విన్ హాల్ కనుగొనెను. ఉర్దూ మిత్రులు మఖ్నాతీస్ అని పిలుచు అయస్కాంతపు బలమును మేము ఈ సూత్రముతోనే కొలుచుచున్నాము.

ఎస్.ఎస్.49ఇ అను హాల్ సెన్సారునకు మూడు కాళ్లు. అక్షరములున్న ముఖమును మనవైపు త్రిప్పిన, ఎడమ కాలు 5 వోల్టుల సరఫరాకు, నడిమిది బ్యాటరీ నెగటివ్ తీగకు, కుడిది మీటరు ఎర్రతీగకు. 9 వోల్టుల బ్యాటరీని సూటిగా తగిలింపరాదు. నడుమ 7805 రెగ్యులేటరు ఉండవలెను. అయస్కాంతము దరి లేనపుడు సుమారు 2.5 వోల్టులు వచ్చును. దక్షిణ ధ్రువము ఆ ముఖమును సమీపించిన పెరుగును, ఉత్తర ధ్రువమైన తగ్గును. ఒక్కొక్క గాస్‌కు మార్పు సుమారు 1.4 మిల్లీవోల్టులు.

చిక్కంతయు ఇచటనే. 2.5 వోల్టులు చూపుటకు సామాన్య డిజిటల్ మీటరును 20 వోల్టుల స్థానమున నుంచవలెను. అచట కనిష్ఠ మెట్టు 10 మిల్లీవోల్టులు, అనగా సుమారు 7 గాస్‌లు! అందుచే 10 కిలో ఓముల పొటెన్షియోమీటరు చివరి కాళ్లను 5 వోల్టులకు, నెగటివ్‌కు కట్టి, మీటరు నల్లతీగను నడిమి కాలికి కలిపి, మొదట సున్న వచ్చునట్లు త్రిప్పుదుము. పిమ్మట మీటరును 200 మిల్లీవోల్టుల స్థానమునకు దింపినచో మెట్టు 0.1 మిల్లీవోల్టగును.

భూమి అయస్కాంత క్షేత్రము హైదరాబాదున అర గాస్‌కు లోపే. దానికి కొన్ని మెట్లు కదలవచ్చును గాని, సెన్సారు కొంచెము వేడెక్కినను సున్న జరుగును. దిక్కు తెలియుటకు దిక్సూచియే మేలు.