పలువరుసకు తీగల చికిత్స

శంషాబాదు ప్రాంతపు తల్లిదండ్రులు కొందరు, "ఎత్తుపళ్ళకు తైల గండూషం చాలదా వైద్యులుగారూ?" అని నన్ను అడుగుతుంటారు. చాలదు. చరకుడు చెప్పిన గండూషం నోటికి హితమే గాని, ఎముకలో నాటుకొన్న పంటిని జరపలేదు. అందుకు తీగల ఎడతెగని స్వల్ప ఒత్తిడి కావాలి. ఆ ఒత్తిడికి ఒకవైపు ఎముక కరిగి, రెండవవైపు కొత్తది ఏర్పడుతుంది. కనుకనే సాధారణంగా 18 నుండి 24 నెలలు పడుతుంది.

వైద్యుని ఎంపిక: బి.డి.ఎస్. పిమ్మట 3 ఏళ్ళు ఆర్థోడాంటిక్స్‌లో ఎం.డి.ఎస్. చదివినవారేనా అని విచారించండి. ఎక్స్‌రే, పలువరుస అచ్చు పరిశీలించకుండా తీగలు వేయించుకోవద్దు. 4 నుండి 8 వారాలకొకసారి వెళ్ళవలసి ఉంటుంది గనుక రాకపోకల దూరం చూసుకోండి. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యకళాశాలలో కూడా ఈ విభాగం ఉంది.

పథ్యం: బిగించిన తొలి మూడు, నాలుగు రోజులు నొప్పి సహజం, పెసరకట్టు, పెరుగన్నం, జావ తీసుకోండి. సకినాలు, చెరకు, పల్లీపట్టీ అపథ్యం. జామపండును చిన్న ముక్కలుగా కోసి తినండి. వేపపుల్ల తగిలి బ్రాకెట్లు ఊడవచ్చు. భోజనానంతరం మెత్తని బ్రష్షుతో తోమి, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించండి. పాచి నిలిస్తే పంటిపై తెల్లమచ్చలు పడతాయి.

తీగలు తీయగానే చికిత్స ముగిసిందనుకోవద్దు. చెప్పినంతకాలం రిటైనర్ ధరించకపోతే పళ్ళు మళ్ళీ పాతచోటికి జరుగుతాయి. పడిన శ్రమ, పెట్టిన సొమ్ము వృథా అవుతాయి.