సర్వర్ నుంచి పుష్ నోటిఫికేషన్లు: చేయవలసినవి - చేయకూడనివి

మన సర్వర్ పంపే నోటిఫికేషన్ నేరుగా ఫోన్‌కు చేరదు. ఆండ్రాయిడ్‌కు గూగుల్ వారి ఎఫ్‌సీఎం, ఐఫోన్‌కు ఆపిల్ వారి ఏపీఎన్ఎస్ మధ్యలో ఉండి చేరవేస్తాయి. వాటి దగ్గర మన సర్వర్‌ను గుర్తించేది కీ. ఏ ఫోన్‌కు వెళ్లాలో చెప్పేది టోకెన్. కీ పరాయి చేతిలో పడితే మీ యాప్ పేరుతోనే మోసపు సందేశాలు వెళ్తాయి. ఎఫ్‌సీఎంలో టాపిక్‌లు (ఒక పేరు కింద చేరినవాళ్లందరికీ ఒకేసారి పంపే పద్ధతి) వాడుతుంటే దొంగకు టోకెన్లు కూడా అక్కర్లేదు. మన యాప్‌ను నమ్మి అనుమతి ఇచ్చినవాళ్లే నష్టపోతారు.

చేయవలసినవి

• ఎఫ్‌సీఎం సర్వీస్ అకౌంట్ ఫైలును, ఆపిల్ పీ8 కీని నోటిఫికేషన్లు పంపే ప్రోగ్రామ్ ఒక్కటే చదవగలిగేలా దాచండి. పీ8 కీని ఒక్కసారే డౌన్‌లోడ్ చేసుకోనిస్తారు. భద్రమైన చోట ఇంకో ప్రతి ఉంచండి.

• లాగౌట్ అయిన వెంటనే ఆ ఖాతా నుంచి టోకెన్‌ను విడదీయండి. మన ఇళ్లలో ఒకే ఫోన్ అమ్మ, పిల్లలు వాడుతుంటారు. ఒకరి సందేశం ఇంకొకరి కంటపడకూడదు.

• ఏపీఎన్ఎస్ 410 అన్నా, ఎఫ్‌సీఎం ‘అన్‌రిజిస్టర్డ్’ అన్నా ఆ టోకెన్ పని అయిపోయినట్టే. జాబితాలోంచి తీసేయండి.

• ప్రతి సందేశానికీ గడువు పెట్టండి. పెట్టకపోతే ఎఫ్‌సీఎం దాన్ని 4 వారాల దాకా అట్టిపెడుతుంది. గోదావరి వరద హెచ్చరిక నీళ్లు తీశాక మోగితే జనం కంగారుపడతారు, తర్వాతి హెచ్చరికను నమ్మరు.

• ‘మరీ ఎక్కువగా పంపుతున్నారు’ అనే 429 జవాబు వస్తే ఆగండి. మళ్లీ ప్రయత్నించే ప్రతిసారీ విరామం పెంచుకుంటూ పోండి.

• అందరికీ పంపే ముందు సొంత ఫోన్లలో చూసుకోండి. ఇంకొకరు చదివి సరే అన్నాకే పంపండి.

• హెచ్చరికలకూ ఆఫర్లకూ వేర్వేరు ఛానెళ్లు పెట్టండి. ప్రకటనలతో విసిగినవాళ్లు అన్నీ ఆపేస్తే అసలు కబురూ అందదు.

చేయకూడనివి

• కీని యాప్‌లో గానీ గిట్‌లో గానీ పెట్టకండి. తర్వాత ఫైలు తొలగించినా గిట్ చరిత్రలో అది అలాగే ఉంటుంది.

• రక్తపరీక్ష ఫలితం, ఖాతా నిల్వ, ఓటీపీ నోటిఫికేషన్‌లో రాయకండి. లాక్ తీయకుండానే పక్కవాళ్లు చదివేయవచ్చు. ‘మీ రిపోర్టు వచ్చింది, యాప్‌లో చూడండి’ అంటే చాలు.

• అన్నింటికీ హై ప్రయారిటీ పెట్టకండి. బ్యాటరీ తింటుంది, నిజంగా అత్యవసరమైనది గుంపులో కలిసిపోతుంది.

• 200 వచ్చింది కదా, చేరిపోయిందని అనుకోకండి. మధ్యవర్తి తీసుకున్నాడనే దాని అర్థం. ప్రాణాపాయం ఉన్నచోట ఎస్ఎంఎస్, ఫోన్ కాల్ కూడా ఉండాలి.

• మధ్యలో ఆగిందని జాబితా మొత్తానికీ మళ్లీ పంపకండి. ఎవరికి వెళ్లిందో రాసిపెట్టుకుని, మిగిలినవాళ్లకే పంపండి.

• ఎఫ్‌సీఎం పాత ఏపీఐ మీద ఆధారపడకండి. 2024 జులై నుంచి దాన్ని మూసేస్తూ వచ్చారు. ఇప్పటి ‘వీ1’లో సర్వర్‌ను గుర్తించడానికి కొద్దిసేపే చెల్లే యాక్సెస్ టోకెన్లు వాడతారు; ఇవి ఫోన్ టోకెన్లు కావు.

పొరపాటు జరిగితే

ముందు సందేశాలు పంపే క్యూ ఆపండి. కీ బయటపడిందన్న అనుమానం ఉంటే ఆ క్షణమే రద్దు చేసి కొత్తది తీసుకోండి. ఫోన్లకు చేరిన సందేశాన్ని వెనక్కి తీసుకోగలమన్న నమ్మకం లేదు. అందుకే ఏం జరిగిందో, ఇప్పుడు ఏం చేయాలో తేట తెలుగులో ఒక్క సందేశం పంపండి. దాచిపెడితే జనం నమ్మకం తిరిగి రాదు.