పాలబండి కింద జాయింట్ క్రాస్

సత్తుపల్లి, వేంసూరు, దమ్మపేట దారుల్లో పాలక్యాన్లు మోసే జీపులు, చిన్న వ్యాన్లు ఎక్కువగా వెనుక చక్రాలతో నడిచేవే. గేరుబాక్సు నుండి వెనుక యాక్సిలుకు శక్తిని చేర్చే షాఫ్టుకు రెండు కొసలా జాయింట్ క్రాస్‌లుంటాయి. ముందుది విరిగితే షాఫ్టు రోడ్డులో గుచ్చుకుంటుంది; బండికి, మనిషికి ముప్పు. ఎండలో ఆగిన పాలు కేంద్రం చేరకముందే పులుస్తాయి.

క్రాస్ నాలుగు కొనలకూ కప్పులు, వాటిలో సూదుల్లాంటి రోలర్లు. బురదనీరు సీలు దాటితే అవి తుప్పుపడతాయి.

క్లచ్ వదలగానే కింద 'టక్'మన్నా, నెమ్మదిగా పోతుంటే కిచకిచమన్నా, బండిని చదును నేలపై ఆపి, ఇంజను కట్టేసి, చక్రాలకు రాళ్ళు పెట్టి, న్యూట్రల్‌లో షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పి చూడండి. షాఫ్టు మొత్తం కాస్త తిరగడం లోపం కాదు, అది వెనుక గేర్ల సందు. క్రాస్‌కూ యోక్‌కూ మధ్య కదలిక ఉన్నా, కప్పు అంచున ఎర్రపొడి రాలినా కొత్తది వేయించవలసిందే. అరిగిన రోలరు గ్రీజుతో మళ్ళీ పెరగదు గదా!

నిప్పిల్ ఉంటే నాలుగు కప్పుల నుండీ కొత్త గ్రీజు వచ్చేదాకా కొట్టాలి. మూడింట వచ్చి ఒకదాన రాకుంటే మేము ఆ ఒక్కదాన్నే అనుమానిస్తాము. నిప్పిల్ లేనివాటిని చూసుకోవడమే. షాఫ్టు విప్పేముందు ఫ్లాంజిలపై గుర్తు గీయించండి. అదే గుర్తుకు బిగించకపోతే బండి అదురుతుంది.