ఉభయుల సమ్మతి: బ్రహ్మచర్య దాంపత్యమును గూర్చిన అధ్యయనము

పాఠ్యభాగములు: మత్తయి 1:18-25, 1 కొరింథీయులకు 7:1-9

1704వ సంవత్సరము జూన్ 23వ తేదీన పుదుచ్చేరి పట్టణములో, పోపు ప్రతినిధిగా వచ్చిన తూర్నోన్ అను బిషప్పు ఒక శాసనమును వ్రాయించెను. ఈ దేశపు ఆచారములలో క్రైస్తవులైనవారు వేటిని ఉంచుకొనవచ్చును, వేటిని విడువవలెను అను వివాదము దానికి హేతువు. పుదుచ్చేరి నుండి తెలుగు సీమకు వచ్చి కర్ణాటక మిషను సేవ జరిగించుచుండిన ఫ్రెంచి జెస్యూట్ గురువులకును అది వర్తించెను.

ఆ శాసనములోని అనేక నిబంధనలను గూర్చి 1744 వరకు వాదములు జరిగెను. అందులో ఒకటి వివాహమునకు సంబంధించినది. ఆరేడు ఏండ్ల పసివారికి తలిదండ్రులు తాళి కట్టించి, దానిని విడదీయరాని వివాహముగా ఎంచుట చెల్లదనియు, అట్టి పెండ్లిండ్లను క్రైస్తవులలో జరుగనీయరాదనియు గురువులకు ఆజ్ఞాపింపబడెను. తాళి కట్టబడినను వివాహము కాలేదనుటకు కారణమేమి? వివాహమును నిలువబెట్టునది దంపతులు తామే ఇచ్చిపుచ్చుకొను సమ్మతి. పసివారు అట్టి మాట ఇయ్యజాలరు.

మాటయే పునాది

రోమను కథోలిక సంఘములో బ్రహ్మచర్య దాంపత్యము అనబడునది కూడ ఈ పునాది మీదనే నిలిచియున్నది. వివాహితులైన స్త్రీ పురుషులు, ఇరువురును మనఃపూర్వకముగా ఒప్పుకొని, దేవుని నిమిత్తము దేహసంబంధమును మానుకొని, భార్యాభర్తలుగానే కలిసి జీవించుట దీని భావము. యోసేపు మరియల కాపురమును మాదిరిగా చూపుదురు గనుక దీనికి యోసేపు వివాహమనియు పేరు.

ఇది నిజముగా వివాహమేనా అను ప్రశ్న పూర్వమే పుట్టెను. అగస్టీను అవునని ఉత్తరమిచ్చెను. సంతానము, నమ్మకత్వము, విడదీయరాని బంధము అను వివాహపు మూడు మేలులును యోసేపు మరియల యింట కనబడుచున్నవని అతడు బోధించెను. 12వ శతాబ్దములో గ్రాషియను దేహసంయోగముతోనే వివాహము సంపూర్తియగుననగా, పీటరు లొంబార్డు సమ్మతియే వివాహమును కలిగించుననెను. సమ్మతితోనే వివాహము ఏర్పడునని కథోలిక సంఘము తీర్మానించుకొనెను. 1983 నాటి ఆ సంఘపు ధర్మశాస్త్రములోను ఇదియే నియమము. అయితే సంయోగము జరుగని వివాహమును తగిన కారణమున్నయెడల పోపు రద్దుచేయవచ్చునని కూడ అందులో ఉన్నది.

మత్తయి సువార్తను జాగ్రత్తగా చదువువారికి ఈ ఉత్తరములోని సత్యాంశము కనబడును. వారేకము కాకమునుపే యోసేపు ఆమె భర్తయని 19వ వచనము పిలుచుచున్నది. మరియను అతని భార్యయని దూత 20వ వచనములో చెప్పుచున్నాడు. 25వ వచనములోని "వరకు" అను మాటను గూర్చి మనకును కథోలికులకును భేదమున్నది. ప్రభువు సహోదరులను పేర్కొను మత్తయి 13:55ను బట్టి, తరువాత వారు సాధారణ దంపతులుగా జీవించిరని ప్రొటెస్టంటులలో అనేకులు నమ్ముదురు. మరియ నిత్యకన్యయను తలంపును లూథరు మాత్రము విడువలేదు. ఈ భేదము ఎట్లున్నను, నిబంధనయే వారిని దంపతులుగా చేసెననుటలో భేదము లేదు.

ఎక్దీకియాకు వచ్చిన ఉత్తరము

అగస్టీను ఎక్దీకియా అను స్త్రీకి వ్రాసిన ఉత్తరమొకటి నిలిచియున్నది. ఆమె తన భర్త సమ్మతి లేకయే బ్రహ్మచర్యమును ఆరంభించెను. తరువాత అతడును ఒప్పుకొని కొంతకాలము ఆలాగు జీవించెను. అంతట ఆమె అతని నడుగకయే విధవరాలి వస్త్రములు ధరించి, తమకు కుమారుడున్నను, తన ఆస్తిలో అధికభాగమును దారిన వచ్చిన సన్యాసులకు ఇచ్చివేసెను. భర్త కోపించి, తన వ్రతమును విడిచి, వ్యభిచారములో పడిపోయెను.

బ్రహ్మచర్యమును మిక్కిలి హెచ్చించిన అగస్టీను ఆమెను మెచ్చుకొనెనా? లేదు, గద్దించెను. భర్త పాపమును అతడు సమర్థింపలేదు. అయినను ఆమె అతని సమ్మతిని తృణీకరించిన సంగతిని దాచక చెప్పి, అతనిని క్షమాపణ వేడుకొనుమని బోధించెను. దేహసంబంధము మానినంత మాత్రమున వారు దంపతులు కాకపోలేదు. ఒకరి మాట మరియొకరికి విలువలేనిది కాలేదు.

పౌలు పెట్టిన హద్దులు

1 కొరింథీయులకు 7:5లో అపొస్తలుడు మూడు హద్దులు పెట్టుచున్నాడు. ఎడబాటు ఉభయుల సమ్మతితో జరుగవలెను. కొంతకాలమునకు మాత్రమే ఉండవలెను. ప్రార్థన నిమిత్తమై ఉండవలెను. అటుతరువాత వారు తిరిగి కలిసికొనవలెను. ఎడబాయుట అని తెలుగులో ఉన్నచోట గ్రీకులో ఉన్న క్రియ, ఇతరునికి చెందినదానిని అతనికి దక్కనీయకుండుటను సూచించును. 6:7-8లోను, మార్కు 10:19లోను మోసమును గూర్చి చెప్పుచోట అదే క్రియ వాడబడినది. కాబట్టి భక్తి పేరట ఒకరే నిర్ణయించుకొనిన విరక్తి పౌలు దృష్టికి త్యాగము కాదు, అపహరణము.

4వ వచనము భర్తకు భార్య దేహముపై ఇచ్చిన అధికారమునే భార్యకు భర్త దేహముపై ఇచ్చుచున్నది. అధికారము సమానమైనచోట బలాత్కారమునకు చోటు లేదు. 7వ వచనము ప్రకారము ఒక్కొక్కనికి దేవుని వరము వేరు. అందువలన జీవితాంతపు వ్రతమును లేఖనము ఎవరికిని విధింపదు. దానిని ఉన్నతమైన మెట్టుగాను చూపదు. 4వ శతాబ్దములో గంగ్రా సభ కూడ, వివాహమును అసహ్యించుకొని భర్తలను విడిచిపోవు స్త్రీలను ఖండించెను.

ఫ్రాన్సు దేశస్థులైన లూయీ, జేలీ మార్టెన్ దంపతులు 1858లో పెండ్లియైన తరువాత కొన్ని నెలలు బ్రహ్మచర్యమును పాటించిరి. పిమ్మట ఒక గురువు సలహాచేత దానిని విడిచి తొమ్మండుగురు బిడ్డలను కనిరి. 2015లో కథోలిక సంఘము ఆ తలిదండ్రులను పరిశుద్ధుల జాబితాలో చేర్చెను.

మన గృహములలో

ఈ పాఠము మఠములకు మాత్రమే చెందినది కాదు. ఉజ్జీవకూటములో కదిలింపబడిన భర్త, ఇంటికి వచ్చి తన వ్రతమును భార్యకు ప్రకటించును. ఆమె మౌనమును సమ్మతిగా ఎంచుకొనును. కోపము తీరని భార్య ఉపవాసమును అడ్డము పెట్టుకొని దూరమగును. ఇట్టివారు దేవునికి అర్పించునది తమ సొత్తు మాత్రమే కాదు.

వేరొక విధమైన గృహములును ఉన్నవి. పక్షవాతముతో మంచమెక్కిన భార్యకు ఏండ్ల తరబడి అన్నము తినిపించు భర్త ఉన్నాడు. గల్ఫు దేశములో పనిచేయుచు రెండేండ్లకొకసారి వచ్చు భర్తకై నమ్మకముగా కనిపెట్టు భార్య యున్నది. వారు ఏ వ్రతమును చేయలేదు, విరక్తిని కోరుకొనలేదు. అయినను తమది సగము వివాహమని వారు సిగ్గుపడనక్కరలేదు. బలిపీఠము నెదుట పలికిన మాట వారియందు సంపూర్ణముగా నిలిచియున్నది.

పుదుచ్చేరిలో ఆ శాసనము వ్రాయబడిన నాడు ప్రశ్న పసిబిడ్డ మాటను గూర్చినది. నేడు మన గృహములలో అది ఎదిగిన భార్యాభర్తల మాటను గూర్చినది. దేవుని యెదుట ఒక తీర్మానము చేయకమునుపు, మన ప్రక్కనున్నవారిని అడిగితిమా? వారు నిర్భయముగా కాదనగలరా?

ప్రార్థన: ప్రభువా, మా భక్తిచేత మా యింటివారికి అన్యాయము చేయకుండ మమ్మును కాపాడుము. ఇచ్చిన మాటను ప్రేమతో నిలుపుకొను కృప దయచేయుము. ఆమేన్.