మిన్ని నడకే మా నడక

ఈసారి ముచ్చట మా ఇంటి చిన్నకూతురి గురించి. నాలుగు కాళ్లు, ఏడేళ్ల వయసు, తిండి దగ్గర తప్ప ఇంకెక్కడా పంతం లేని లాబ్రడార్. మినుముల్లా నిగనిగలాడే నలుపని ‘మినుము’ అని పేరు పెట్టుకున్నాం. మేముండే ఇంగ్లండులోని రెడింగ్‌లో ఇరుగుపొరుగు ఇంగ్లిషువాళ్లకి ఆ పేరు నోరు తిరగలేదు. పిలవగా పిలవగా ‘మిన్ని’ అయి కూర్చుంది.

కుక్కని పెంచేవాళ్లకి సెలవులొస్తున్నాయంటే ఒకటే బెంగ. దీన్ని ఎక్కడ వదలాలి? ఒకసారి డబ్బు కట్టి వసతిగృహంలో వదిలి వెళ్తే రెండు రోజులు పచ్చి మంచినీళ్లు కూడా సరిగ్గా ముట్టలేదట. అందుకే నిరుడు వేసవిలో మావారు తేల్చేశారు: ‘ఫ్రాన్సుకి కారులో పోదాం, దీన్నీ తీసుకుపోదాం.’ అప్పుడే తెనాలి నుంచి వచ్చిన అమ్మ మాట వినాలి మీరు. ‘కాశీకి కుక్కని తోడు తీసుకెళ్లాడని ధర్మరాజు గురించి విన్నాను గానీ, ఫ్రాన్సుకి తీసుకెళ్లేవాళ్లని మిమ్మల్నే చూస్తున్నా.’ ధర్మరాజు వెళ్లింది కాశీకి కాదమ్మా, స్వర్గానికి అన్నాను. ‘ఎక్కడికైతేనేం, ఆయన్నీ గుమ్మం దగ్గర ఆపారుగా’ అంది. ఆ మాట ఎంత నిజమవుతుందో అప్పుడు తెలీలేదు.

ఇక కాగితాల కథ. ఫ్రాన్సు చూడాలని ముందే అనుకున్నాం గనక అమ్మ ఇండియాలో ఉండగానే షెంగెన్ వీసా తీసుకుంది. వేలిముద్రలు, బ్యాంకు లెక్కలు, 30,000 యూరోల ప్రయాణ బీమా, మా ఆహ్వానపత్రం. మిన్నికి అంతకు తక్కువేం కాలేదు. ముందు మెడ దగ్గర చర్మం కింద బియ్యపుగింజంత చిప్పు. ఆ తర్వాతే రేబిస్ టీకా. ఈ వరస తిరగబడితే టీకా చెల్లదు, గుర్తుపెట్టుకోండి. మొదటి టీకా అయితే 21 రోజులు ఆగాలి. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక, 2021 జనవరి నుంచి ఇక్కడి కుక్కల పాత పాస్‌పోర్టులు చెల్లడం లేదు. ప్రభుత్వ గుర్తింపున్న పశువైద్యుడు ప్రతి ప్రయాణానికీ కొత్తగా ఆరోగ్య ధ్రువపత్రం రాసివ్వాలి. ఇచ్చిన పది రోజుల్లోపు సరిహద్దు దాటాలి. ఆ పుస్తకమంత కాగితాల కట్టకి వంద పౌండ్ల పైనే వదిలింది. ‘నాకు వేలిముద్రలు, దానికి మెడలో చిప్పు. ఇద్దరం దొంగల్లాగే కనిపించాం వాళ్లకి’ అని అమ్మ నవ్వింది.

సర్దుకోవడంలోనూ ఇద్దరికీ ఒకటే నిబంధన. బ్రిటన్ నుంచి అటు మాంసం, పాలపదార్థాలు తీసుకెళ్లకూడదు. అమ్మ వెన్న కాచిన నెయ్యి సీసా, మాంసం కలిసిన మిన్ని తిండి సంచీ రెండూ వంటింట్లోనే ఉండిపోయాయి. గోంగూర పచ్చడికి మాత్రం ఏ దేశమూ అడ్డు చెప్పలేదు. అక్కడ కొన్న కొత్త తిండి మిన్నికి మొదటి రెండు రోజులు పడలేదు. అమ్మే అన్నం మెత్తగా వండి, ఉప్పు లేకుండా కాస్త పెరుగు కలిపి పెట్టింది, దూరం నుంచే గిన్నె జరిపి. పడని తిండి సంగతి వచ్చింది గనక చెప్తున్నా, ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకి విషం. ప్రేమకొద్దీ పాయసంలో కిస్‌మిస్‌లు పెట్టకండి.

దూరం నుంచే అన్నాను చూశారా? అమ్మకి కుక్కంటే అసహ్యం కాదు, భయం. తన చిన్నప్పుడు మా మామయ్యని పిచ్చికుక్క కరిస్తే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారట. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు, రోజుకొకటి. ఆ మందు గొర్రె మెదడు నుంచి తయారయ్యేది. పిల్లాడి కేకలు ఆసుపత్రి వరండా దాకా వినపడేవని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. ఆలోచిస్తే, మిన్నికి ఇన్ని కాగితాలు అడిగేది ఆ రేబిస్ జబ్బు కోసమే. దానికి టీకా పుట్టింది కూడా మేం వెళ్తున్న దేశంలోనే. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ ఆధ్వర్యంలో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల కుర్రాడికి మొదటిసారి ఆ టీకా పడింది. కుర్రాడు బతికాడు. మన దక్షిణాదిలో కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ 1907లో వెలిసింది ఆ దారిలోనే. బ్రిటన్‌లో రేబిస్ 1922కల్లా పోయింది. అయినా 2000 సంవత్సరం దాకా బయటి నుంచి వచ్చే ప్రతి కుక్కనీ ఆర్నెల్లు విడిగా బంధించి ఉంచేవారు. ఆ లెక్కన మా మిన్ని అదృష్టవంతురాలు.

ఫోక్‌స్టన్ దగ్గర కారుతో సహా రైలు ఎక్కితే 35 నిమిషాల్లో ఫ్రాన్సులోని కలే. మనుషులెక్కే యూరోస్టార్ రైల్లో పెంపుడు కుక్కల్ని రానివ్వరు. ఈ కారు రైల్లో మాత్రం కుక్క తన చోట తను, మనం మన సీట్లో మనం. సొరంగంలో మన నెత్తి మీద సముద్రం ఉందని మా అమ్మాయి చెప్పగానే అమ్మ ఆంజనేయ దండకం అందుకుంది. మిన్ని గురక పెట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. అంతకుముందు అమ్మ వచ్చినప్పుడు రోమ్ తీసుకెళ్లాం. మూడు రోజుల్లో పదమూడు చోట్లు. మేం క్యూలో, అమ్మ బయట బెంచీ మీద మా సంచులకి కాపలా. ‘అన్నీ చూశాను’ అని ఊళ్లో చెప్పుకుంది గానీ, చూసింది బెంచీలే. ఈసారి మిన్ని ఉంది. రెండు గంటలకోసారి కారు ఆపాలి, నీళ్లు పట్టాలి, నడిపించాలి. అమ్మ మోకాళ్లకి కూడా సరిగ్గా అదే కావాలని నాకు అప్పుడే తెలిసింది. ‘దానికి కాళ్లు పట్టేశాయేమో చూడవే’ అని మిన్ని పేరు చెప్పి తను దిగేది. రోమ్‌లో తన కోసం ఆపమని నోరు తెరిచి ఒక్కసారి అడగలేదు. మనం అడగం గనక పెద్దవాళ్లూ చెప్పరు.

నార్మండీలో ఓన్‌ఫ్లూర్ అనే రేవు ఊళ్లో చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నాం. పాత రేవు చుట్టూ సన్నగా నిలువెత్తు ఇళ్లు, పడవలు కట్టేవాళ్లు కట్టుకున్న కర్రల చర్చి. కుక్కని లోపలికి తీసుకెళ్లలేని చోట ఎవరో ఒకరు బయట ఉండాలి కదా. మొదటిరోజు మావారు, రెండోరోజు నేను. మూడోరోజు అమ్మ ‘మీరు పోండి, నేనూ ఇదీ ఇక్కడ కూచుంటాం’ అని తాడు చేతిలోకి తీసుకుంది. మేం తిరిగొచ్చేసరికి అమ్మ చుట్టూ ముగ్గురు ఫ్రెంచి పెద్దావిడలు. ఈవిడ తెలుగు, వాళ్లు ఫ్రెంచి, మధ్యలో మిన్ని తోక. కాఫీ హోటలు పిల్ల అడక్కుండానే గిన్నెతో నీళ్లు తెచ్చి పెట్టింది, ముందు మిన్నికి, తర్వాత అమ్మకి. రోమ్‌లో బెంచీ మీద అమ్మని పలకరించిన ప్రాణి లేదు.

అలాగని అంతా రాజభోగం అనుకోకండి. కాఫీ హోటళ్లు చాలావరకు రానిస్తాయి, రొట్టెల దుకాణంలోకి రానివ్వరు. జూలై, ఆగస్టుల్లో చాలా సముద్రతీరాల్లో పగలు కుక్కలకి ప్రవేశం ఉండదు, ముందే బోర్డు చూసుకోవాలి. ‘ఐదు నిమిషాలే’ అని కారులో వదిలి తాళం వేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. బయట 22 డిగ్రీలే ఉన్నా, లోపల గంటలో 47 దాకా పోతుంది. రాట్‌వైలర్ లాంటి కొన్ని జాతులకి అక్కడ మూతికి బుట్ట తప్పనిసరి, పిట్‌బుల్ రకాలనైతే దేశంలోకే రానివ్వరు.

తిరుగు ప్రయాణంలో పారిస్ పక్కన ఆనియెర్‌లో ఆగాం. సేన్ నది ఒడ్డున 1899లో తెరిచిన కుక్కల శ్మశానం ఉందక్కడ. పెట్టినవాళ్లలో ఒకరు మార్గరీత్ దురాఁ. అచ్చంగా ఆడవాళ్లే రాసి, ఆడవాళ్లే నడిపిన ‘లా ఫ్రోండ్’ దినపత్రికని 1897లో మొదలుపెట్టిన మనిషి. ‘టైగర్’ అని పేరు పెట్టి ఆడసింహాన్ని పెంచింది! మావారూ పిల్లా మిన్నితో బయట ఉంటే అమ్మా నేనూ లోపలికెళ్లాం. సినిమాల్లో పేరు తెచ్చుకున్న రిన్ టిన్ టిన్ సమాధీ అక్కడే. ‘కుక్కకి సమాధా’ అని మొదలెట్టిన అమ్మ నాలుగడుగులు వేశాక మాట్లాడలేదు. ఒక చిన్న రాయి దగ్గర ఆగి, ‘మాకూ ఒకటుండేదే, రాజు’ అంది.

నలభై ఏళ్లొచ్చాయి నాకు, ఆ పేరు ఎప్పుడూ వినలేదు. మామయ్యని కరిచిన పిచ్చికుక్కే అడ్డొచ్చిన రాజునీ కరిచిందట. ‘వాడికి పద్నాలుగు ఇంజక్షన్లు వేయించారు. దానికీ ఏదైనా వేయించాలని ఎవరికి తోచింది? గొడ్ల చావిట్లో కట్టేశారు. నెల తిరక్కుండా దానికీ పిచ్చెత్తింది. మా నాన్న చేనుగట్టున పూడ్చొచ్చాడు. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు.’ ఆ తర్వాత ఆ ఇంట్లో కుక్కని అడుగుపెట్టనివ్వలేదు. భయమని మేమందరం అనుకున్నదాని అడుగున ఇది ఉంది.

ఆదివారం పొద్దున్న కలే చేరాం. బ్రిటన్‌లోకి తిరిగి వచ్చే కుక్కకి 24 గంటలకి తక్కువ కాకుండా, 120 గంటలు మించకుండా ముందు పశువైద్యుడి చేతుల మీదుగా బద్దెపురుగుల మందు పడాలి. నక్కల్లో ఉండే ఒక రకం బద్దెపురుగు ఇక్కడ లేదు, అది రాకూడదని. శుక్రవారం సాయంత్రమే వేయించాం, ధీమాగా ఉన్నాం. చిప్పు చదివే యంత్రం మన చేతికే ఇస్తారు. మెడ దగ్గర పెట్టగానే నెంబరు వచ్చింది. కాగితాలు తిప్పిన అమ్మాయి ఒకచోట వేలు ఆపింది. మందు పేరుంది, తారీఖుంది, ముద్రుంది, సంతకముంది. టైము లేదు. ఆ గడి ఖాళీ. డాక్టరు మరిచిపోయాడు, నేను చూసుకోలేదు. ఆదివారం ఆయన క్లినిక్ మూసి ఉంది. మళ్లీ అత్యవసర వైద్యుణ్ని వెతుక్కోవాలి, మళ్లీ మాత్ర, మళ్లీ 24 గంటలు. ధర్మరాజుని గుమ్మం దగ్గర ఆపడమంటే ఇదే!

మావారు విసుక్కున్నారు, మా అమ్మాయి ఏడ్చింది, నేను కాగితాలు చూసిన అమ్మాయితో వాదన పెట్టుకున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. ‘అడగనీవే. అడగాలి. మా రోజుల్లో ఎవరూ అడగలేదు.’

ఇంక నోరు పెగల్లేదు నాకు. ఆ రాత్రి కుక్కల్ని రానిచ్చే చిన్న హోటల్లో పడుకున్నాం. తెల్లారి చూస్తే మిన్ని తల అమ్మ కాళ్ల మీద ఉంది, అమ్మ చీర కొంగు దాని మీద ఉంది. ఎవరూ ఏమీ అనలేదు.

ఇక మీరడగబోయే మాట: ‘అక్కా, హైదరాబాద్ నుంచి మా కుక్కని విహారయాత్రకి తీసుకురావచ్చా?’ నా మాట వింటే వద్దు. మన దేశం నుంచి యూరప్‌కైనా బ్రిటన్‌కైనా రావాలంటే టీకా వేశాక 30 రోజులకి రక్తపరీక్ష, అందులో తగినంత రోగనిరోధకశక్తి తేలాలి, రక్తం తీసిన రోజు నుంచి ఇంకో మూడు నెలలు ఆగాలి. బ్రిటన్‌కి విమానంలో అయితే సరుకుగా మాత్రమే. ఇల్లు మారి వచ్చేవాళ్లకి తప్పదు, పదిరోజుల సరదాకి ఆ శిక్ష దేనికి? అందులోనూ అప్పట్లో హచ్ ఫోను ప్రకటన చూసి మనం ముచ్చటపడ్డ పగ్‌ల్లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి విమానంలో ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది. నమ్మకమైన మనిషి దగ్గర వదిలి వెళ్లడం పాపం కాదమ్మా. కారు దారి ఉండి, దాని నడకకి మీ నడక తగ్గించుకోగలిగితే మాత్రం తీసుకెళ్లండి. నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరేముందు ప్రభుత్వ సైటు చూడండి. డాక్టరు సంతకం పక్కన టైము రాశాడో లేదో అక్కడే నిలబడి చూసుకోండి.

విదేశం మాట అటుంచండి. మీ ఇంటి కుక్కకి, మీ గుమ్మంలో పడుకునే వీధికుక్కకి రేబిస్ టీకా వేయించారా? కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. ఇప్పుడు బొడ్డు చుట్టూ కాదు, చేతికే వేస్తారు. మైస్టర్‌కి టీకా పడిన జూలై 6ని పురస్కరించుకుని మన ఊళ్ల ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకి ఉచితంగా టీకాలు వేస్తుంటారు. ఈసారి ఆ తారీఖు క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకుని, తాడు కట్టి తీసుకెళ్లండి. రాజు పేరు చెప్పి అడుగుతున్నాను.