మంచుదారిలో గొలుసులు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున సియెర్రా నెవాడా పర్వతములు కలవు. అందలి డానర్ కనుమ సుమారు 7,000 అడుగుల యెత్తున నున్నది. 1846వ సంవత్సరమున ఎద్దుబండ్లపై పడమటికి వలసపోవుచున్న సుమారు 80 మంది అచట మంచులో చిక్కుకొనగా, వారిలో ఇంచుమించు సగముమంది మరణించిరి.

నేడు ఆ కనుమ చెంత 80వ నెంబరు రహదారి పోవుచున్నది. మంచు కురియునపుడు అధికారులు అచట మూడంచెల నియమములను అమలుపరుతురు. మొదటి అంచెలో, లోతైన గాడులుగల మంచుటైర్లున్న తేలికబండ్లు తప్ప తక్కినవన్నియు చక్రములకు ఇనుపగొలుసులు తొడుగవలెను. రెండవ అంచెలో, నాలుగు చక్రములను ఇంజనే త్రిప్పుచు, నాలుగింటికిని మంచుటైర్లున్న బండ్లకు మాత్రమే మినహాయింపు కలదు. మినహాయింపు పొందినవారును గొలుసులను వెంట నుంచుకొనవలసినదే. మూడవ అంచెలో ఎవరికిని మినహాయింపు లేదు. తరచుగా అంతకుముందే దారిని మూసివేయుదురు.

గట్టిపడిన మంచుపై మామూలు టైరు జారును. గొలుసు మంచులో గ్రుచ్చుకొని చక్రమునకు పట్టు నిచ్చును. అయినను గొలుసులు తొడిగిన బండి గంటకు 30 మైళ్లకు మించి పోరాదు.

ఒక్క బండి జారి అడ్డముగ నిలిచిన, వెనుకవచ్చు బండ్లన్నియు ఆగును. మంచును తొలగించు యంత్రములు సయితము ముందునకు సాగజాలవు. కావున గొలుసు తొడుగుట తన క్షేమమునకే కాదు, తోటి బాటసారుల క్షేమమునకును అవసరము.